అర్జీలే వాచకంగా: కడపలో తెలుగు నేర్చిన బ్రౌన్ దొర

మన సంఘం ప్రత్యేక సంచికకు మన రెండు జిల్లాల చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. కోటలను గురించి, పాలెగాళ్ళను గురించి, నవాబులను గురించి పెద్దలు ఇదివరకే ఎన్నో రాసి ఉన్నారు. ముప్ఫై అయిదేళ్ళ పాటు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి, కాగితాల నడుమనే తల నెరసినవాణ్ణి నేను. కనుక కచేరి కాగితాలతో ముడిపడిన చరిత్రనే ఎంచుకున్నాను. ఇంగ్లీషు మాతృభాషగా గల ఒక మనిషి, యుక్తవయస్సు వచ్చిన తరువాత తెలుగు మొదలుపెట్టి, మనవాళ్ళు మరచిపోతున్న గ్రంథాలనే తిరిగి మనకు అందించేంతగా ఎలా నేర్చుకున్నాడు? ఇదీ నా విషయం. ఆ మనిషి ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన చదువు పండింది మన కడపలో.

బ్రౌన్ పేరు వినని తెలుగువారు లేరు. నిఘంటువు చేశాడనీ, వేమన పద్యాలు అచ్చు వేయించాడనీ మన పిల్లలు కూడా పరీక్షల్లో రాస్తారు. అయితే ఆయన ఏ పద్ధతిలో నేర్చుకున్నాడో, ఎవరివద్ద నేర్చుకున్నాడో చెప్పుకోవడం తక్కువ. మనబోటి ఉద్యోగులకు అదే ముఖ్యమని నా అభిప్రాయం.

దుబాసీల కాలం

ముందుగా కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1800లో నిజాం నవాబు ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టిన బళ్ళారి, అనంతపురం, కడప సీమలకు, నేటి కర్నూలు జిల్లాలోని కొన్ని భాగాలకు కలిపి దత్తమండలాలు అని పేరు వచ్చింది. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉండేది. దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో.

ఈ మన్రో మొదట సివిల్ ఉద్యోగి కాడు. 1780లో సిపాయి దళాల్లో చేరడానికి మద్రాసులో ఓడ దిగిన కుర్రవాడు. 1792లో బారామహల్, అంటే నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం, కంపెనీకి దక్కింది. అక్కడ శిస్తు నిర్ణయించడానికి దేశభాషలు తెలిసిన సివిల్ ఉద్యోగులు దొరకలేదు. అందుచేత పారసీ, హిందుస్తానీ నేర్చుకుని ఉన్న మన్రోను మరికొందరు సైనికాధికారులతోపాటు ఆ పనికి పంపారు. ఒక భాష వచ్చి ఉండడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

భాష రాని అధికారి దుబాసీ చేతిలో కీలుబొమ్మ అయ్యేవాడు. రైతు పది మాటలు చెప్పుకుంటే దుబాసీ రెండు మాటలు చెప్పేవాడు. ఆ రెండు మాటల్లో రైతు గోడు ఎంత, దుబాసీ లాభం ఎంత అన్నది దొరకు తెలిసే దారి లేదు. కలెక్టరు హుకుం మళ్ళీ ఆ నోటి మీదుగానే ఊరికి చేరేది. ఈ తంతు అంతా చూసిన మన్రో 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. ఉద్యోగులు ప్రజల భాష నేర్చి తీరాలన్నది ఆయన పట్టుదల. 1827లో పదవి విడిచి వెళ్ళబోయే ముందు, తాను పనిచేసిన సీమను కడసారి చూడడానికి వచ్చి, జులై 6న నేటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో కలరా సోకి మరణించాడు. మొదట ఆయనను గుత్తిలో పాతిపెట్టి, తరువాత మద్రాసుకు తరలించారు.

మన్రో గవర్నరుగా వచ్చిన ఏడాదే, 1820 ఆగస్టులో, కడప కలెక్టరు హాన్‌బరీ వద్ద సహాయకుడిగా వచ్చి చేరాడు ఇరవై ఒక్క ఏళ్ళ బ్రౌన్.

మద్రాసు పరీక్ష, కడప చదువు

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచ్యభాషల పట్ల ఆసక్తి గలవాడు. తండ్రి 1812లో చనిపోగా కుటుంబం ఇంగ్లండు చేరింది. హెయిలీబరీలో కంపెనీ వారి కళాశాలలో చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసు వచ్చాడు. అక్కడ సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దాడు. మూడేళ్ళకు పరీక్ష నెగ్గాడు.

పరీక్ష నెగ్గడం వేరు, భాష రావడం వేరు. డిపార్టుమెంటు పరీక్షలు రాసిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కోడ్ పుస్తకం కంఠస్థం చేసి పాసయిన వాడు మొదటి ఫైలు ముందు కూర్చుని దిక్కులు చూడడం మనం ఎన్నిమార్లు చూడలేదు! కడప కచేరిలో బ్రౌన్‌కు ఎదురైనది కూడా అదే. అయితే ఆయన అదృష్టం, పై అధికారి హాన్‌బరీకి తెలుగు ధారాళంగా వచ్చు. దొర అయివుండి తెలుగు మాట్లాడడం సాధ్యమేనని కళ్ళెదుట కనిపించేసరికి కుర్రవాడికి ఉత్సాహం వచ్చింది.

ఇంగ్లీషువానికి తెలుగు ఎందుకు కష్టమో కాస్త ఆలోచించండి. లిపి కొత్తది. గుణింతాలు, ఒత్తులు అలవాటు కావడానికే నెలలు పడుతుంది. ‘కల’కు ‘కళ’కు, ‘పలు’కు ‘పాలు’కు తేడా వాని చెవికి వెంటనే పట్టదు. వాని భాషలో క్రియ వాక్యం నడుమ వస్తుంది, మన భాషలో చివర వస్తుంది. చెప్పేవాడు చివరిదాకా చెబితే తప్ప చేశాడో, చేయలేదో తేలదు. పైగా ఆ రోజుల్లో పుస్తకాల్లో తెలుగు ఒకటి, నోట్లో తెలుగు మరొకటి. తాటాకుల మీద పద్యాలు మాటకూ మాటకూ ఎడం లేకుండా గొలుసుకట్టుగా ఉండేవి. 1816లో కాంబెల్ దొర ఇంగ్లీషులో రాసిన తెలుగు వ్యాకరణం ఉన్నమాట నిజమే గాని, కడప బజారులో మనిషి మాట్లాడే తెలుగుకు అది ఎంతవరకు అక్కరకు వస్తుంది?

అన్నిటికంటె చిక్కు ‘మేము’, ‘మనము’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. ఇందుకు నా సర్వీసులో చూసిన విషయం ఒకటి చెబుతాను. ఒకప్పుడు ఉత్తరాది నుంచి శిక్షణకు వచ్చిన ఒక యువ ఐ.ఏ.ఎస్. అధికారి మా తాలూకాలో కరువు పనులు చూసేవారు. ముస్సోరిలో తెలుగు పరీక్ష పాసయి వచ్చారు. అక్షరాలు మా కంటె గుండ్రంగా రాసేవారు. ఒక ఊళ్ళో రైతు వచ్చి, “అయ్యా, మేత ల్యాక నా ఎనుములు రెండు సచ్చిపాయ, ఏమన్నా సాయం జెయ్యండి సామీ” అన్నాడు. ఆయన చదివిన పుస్తకంలో ‘గేదె’ ఉంది, ‘ఎనుము’ లేదు. నా వైపు చూశారు. చెప్పాను. ఆ రోజు మొదలు ఆయన జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది. యాడికి, బిరీన, మిద్దె, కొట్టం, సంగటి, పొద్దుగూకడం, ఇట్లా విన్న మాటనల్లా విన్న చోటనే రాసుకునేవారు. మొదట్లో సభలో, “మేము మీ చెరువు బాగు చేస్తాము” అనేవారు. ఆరు నెలలు తిరిగేసరికి, “మన చెరువు పూడిక మనమే తీసుకుందాము” అన్నారు. ఆ మాటకు జనం ముఖాలు విప్పారడం నేను చూశాను. ఆ ‘మన’ ఏ పరీక్ష పేపరులోనూ రాదు. బ్రౌన్‌ను గురించి చదివినప్పుడల్లా నాకు ఆ నోటుబుక్కు గుర్తుకు వస్తుంది.

గురువులు మనవారే

1822లో బ్రౌన్‌కు మచిలీపట్నం బదిలీ అయింది. ఉద్యోగికి బదిలీ అంటే సామాను మూటలు, పిల్లల బడులు అని మనం బెంగపడతాం. ఆయనకు మాత్రం ప్రతి బదిలీ కొత్త గురువులను చూపింది. మచిలీపట్నంలో తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య అనే పండితుల వద్ద కావ్యాలు, ఛందస్సు చదువుకున్నాడు. 1825లో రాజమండ్రి, 1826లో మళ్ళీ కడప. మరుసటి సంవత్సరమే, అంటే 1827లో, తెలుగు ఛందస్సును గురించి ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు.

వేమన ఆయనకు దొరికిన తీరు విచిత్రమైనది. 1824లో దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు హిందువుల ఆచారాలపై రాసిన పుస్తకం చదువుతుంటే అందులో వేమన ప్రస్తావన కనిపించింది. మన యోగి సంగతి ఒక ఇంగ్లీషు దొరకు ఒక ఫ్రెంచి దొర పుస్తకం ద్వారా తెలిసిందన్నమాట! వెంటనే వేమన పద్యాల తాళపత్రాలు సేకరించడం మొదలుపెట్టి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించాడు. 1839లో వచ్చిన రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది. భాష నేర్చే వానికి వేమనను మించిన వాచకం లేదు. చిన్న మాటలు, నాలుగు పాదాల్లో ముగిసే భావం, పామరుని నోట కూడా ఆడే పద్యం. ఇవాళ్టికీ మన సీమలో పసిపిల్లల చదువు వేమనతోనే మొదలవుతుంది.

కడపలో బ్రౌన్ ఒక బంగళా, తోట కొన్నాడు. అక్కడ పండితులను, లేఖకులను నియమించి స్వంత సొమ్ముతో జీతాలిచ్చాడు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, వాటిని ఒకదానితో ఒకటి సరిచూసి తప్పులు దిద్దించడం, శుద్ధప్రతి రాయించడం, కఠినమైన చోట్ల తేట తెలుగులో వ్యాఖ్యానం రాయించడం అక్కడి నిత్యకృత్యం. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యానాలతో వసుచరిత్ర 1844లోను, మనుచరిత్ర 1851లోను వెలువడ్డాయి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అనే కడప సంపన్నుడు గ్రంథ సేకరణలోను, బంగళా వ్యవహారాలలోను ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. బ్రౌన్ వేరే ఊళ్ళకు బదిలీ అయినా ఇక్కడ పని ఆగలేదు. జీతం చాలక ఆయన అప్పులు కూడా చేశాడు.

ఇక్కడ ఒక మాట. దొర మన భాషను ఉద్ధరించాడు అని చెప్పుకోవడంలో పై పేర్లను మరచిపోరాదు. చదివి వినిపించిన గొంతులు, తాటాకుల మీద అరిగిన కళ్ళు మనవారివి. ఆయన గొప్పతనం ఏమిటంటే, అధికారం తన చేతిలో ఉండి కూడా జీతగాళ్ళ ముందు శిష్యుడై కూర్చున్నాడు. పెద్ద వయస్సులో భాష నేర్చేవానికి అన్నిటికంటె కష్టం అదే. పిల్లవాడు తప్పు పలికితే నవ్వుతారని భయపడడు. పెద్దవాడు భయపడతాడు, నోరు మూసుకుంటాడు, భాష రాదు.

అర్జీలే పాఠాలు

ఇక నా వ్యాసానికి ముఖ్యమైన సంగతి. 1852లో బ్రౌన్ తెలుగు నేర్చే ఇంగ్లీషువారి కోసం ఒక వాచకం ప్రకటించాడు. అందులో పురాణ కథలు, నీతి శ్లోకాలు ఉంటాయని మనం అనుకుంటాం. కాని అందులో ఉన్నవి జాబులు! సొంత జాబులు, వ్యాపారపు జాబులు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు, వాటికి ఇంగ్లీషు అనువాదం, వివరణలు, చివర చిన్న పదకోశం. మనం జీవితమంతా ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించి నంబరు వేసిన కాగితాలవంటివే ఒక భాషకు పాఠ్యపుస్తకం అయినాయన్నమాట.

ఇది ఎంత తెలివైన పనో కచేరిలో పనిచేసినవారికే తెలుస్తుంది. అర్జీలో మనిషి తనకు నిజంగా కావలసినది అడుగుతాడు. బాకీ, తగాదా, నీటి వంతు, పొలం గట్టు, దొంగతనం, కరువు అన్నీ అందులో ఉంటాయి. అలంకారాలు ఉండవు. వేడుకోవడం ఎట్లా, కోపాన్ని మర్యాదగా చెప్పడం ఎట్లా, పెద్దలను ఏమని సంబోధించాలి అన్నవి ఒక్క కాగితంలో తెలుస్తాయి. అర్జీ చదివి అర్థం చేసుకున్న అధికారికి భాషతోపాటు జిల్లా కూడా అర్థమవుతుంది.

ఆ ఏడాదే వచ్చిన జిల్లా నిఘంటువు కచేరి వ్యవహారాల్లో వాడే మాటలకు ఇంగ్లీషు లిపిలో ఇచ్చిన అర్థకోశం. 1854లో మిశ్రభాషా నిఘంటువు వచ్చింది. పారసీ, అరబ్బీ, హిందుస్తానీ మొదలైన భాషల నుంచి తెలుగులో చేరిన అన్యదేశ్యాలకు అది ప్రత్యేకం. అర్జీ, జమాబందీ, తాఖీదు, దస్తావేజు, బాకీ, వసూలు, హాజరు, జవాబు, సిబ్బంది, రాజీనామా వంటి మాటలు తీసివేస్తే మన కచేరీలకు నోరు పెగలదు గదా! 1966లో అధికార భాషా చట్టం వచ్చిన తరువాత తెలుగులో నోట్ ఫైలు రాయమన్నారు. ‘జమాబందీ’కి సంస్కృతంలో ఏ మాట కూర్చాలా అని మా సెక్షనులో తర్జనభర్జనలు పడ్డాం. చివరకు ‘జమాబందీ’ అనే రాశాం. జనం వాడే మాటే తెలుగు అన్న నిర్ణయానికి బ్రౌన్ నూరేళ్ళకు ముందే వచ్చి ఉన్నాడు.

1840లో ఆయన తెలుగు వ్యాకరణం, 1852 మొదలుకొని తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు వెలువడ్డాయి. మొదటి అక్షరం దిద్దిన నాటికి, నిఘంటువు అచ్చయిన నాటికి నడుమ ముప్ఫై అయిదు సంవత్సరాలు! ఇంచుమించు మన ఒక్కొక్కరి పూర్తి సర్వీసు అంత కాలం. అదీ కోర్టు పని, కచేరి పని చేసుకుంటూనే.

ఒక్క మాట ఖరీదు

భాష వచ్చిన అధికారికి ఒక కష్టం కూడా ఉంది. విన్న తరువాత విననట్లు ఉండలేడు. 1832–33 నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. డొక్కల కరువు అన్నారు దాన్ని. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నరకు పైగా చనిపోయారని అంచనా. అప్పుడు బ్రౌన్ అక్కడ పనిచేస్తున్నాడు. పై అధికారులు కాగితాల మీద ‘కొరత’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాయాలన్నారు. బ్రౌన్ ‘కరువు’ అన్న అర్థం వచ్చే మాటే రాశాడు. ప్రభుత్వానికి అది రుచించలేదు.

కరువు సీమలో పుట్టిన మనకు ఈ రెండు మాటల తేడా వివరించనక్కరలేదు. ‘కొరత’ అంటే ఫైలు నెమ్మదిగా నడుస్తుంది. ‘కరువు’ అంటే గంజి కేంద్రం తెరవాలి, శిస్తు ఆపాలి, డబ్బు ఖర్చు పెట్టాలి. తరువాతి కాలంలో కూడా కరువు మండలాల జాబితాలో ఊరి పేరు ఎక్కిందా లేదా అన్నదాని మీద ఎన్ని కుటుంబాల అన్నం ఆధారపడి ఉండేదో మనకు తెలుసు. అన్నం లేక చచ్చేవాడు తన బాధను ఏమంటున్నాడో స్వయంగా విన్నవాడు గనుకనే బ్రౌన్ ఆ మాట మార్చలేకపోయాడని నేను అనుకుంటాను.

ఆ తరువాత ఆయన కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడ కూడా ఊరుకోక, లండన్‌లో ఇండియా హౌస్‌లో పడి ఉన్న దక్షిణ భారత భాషల గ్రంథాలను మద్రాసుకు చేర్పించి, తిరిగి వచ్చాడు.

నేటి వారికి

మా పెద్దవాడు ఉద్యోగరీత్యా అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నాడు. అక్కడ స్పానిష్ మాట్లాడేవారు ఎక్కువ. నలభై దాటిన తరువాత వాడు, వాని ఆఫీసులోని ఇంగ్లీషువారితో కలిసి సాయంకాలం తరగతిలో ఆ భాష నేర్చుకుంటున్నాడు. “నాయనా, స్పానిష్‌లో కూడా మనకు మాదిరి నువ్వు, మీరు అని రెండు ఉన్నాయి. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కరలేదు. నాకు సులువుగా ఉంది, పక్కనున్న ఇంగ్లీషువాళ్ళకే కొత్తగా ఉంది” అన్నాడు ఫోనులో.

అమెరికా విదేశాంగ శాఖ వారి శిక్షణ సంస్థ ఒక లెక్క కట్టింది. ఇంగ్లీషు మాతృభాషగా గల ఉద్యోగి స్పానిష్‌లో పనికి తగిన ప్రావీణ్యం పొందడానికి 24 నుంచి 30 వారాల తరగతులు కావాలట. తెలుగుకైతే సుమారు 44 వారాలు, 1100 గంటలు. స్పానిష్ లిపి ఇంగ్లీషు లిపియే, లాటిన్ నుంచి వచ్చిన మాటలు రెండింటిలోనూ బోలెడు. తెలుగులో ఆ సౌకర్యం ఏదీ లేదు. పాఠాలు చెప్పే యంత్రాలు, టేపులు, సినిమాలు ఉన్న ఈ రోజుల లెక్క ఇది. నూనె దీపం కింద తాటాకు పట్టుకున్న బ్రౌన్‌కు ఎన్ని వేల గంటలు పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే మార్గం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. రోజూ కొంత, ఆ భాష మాట్లాడే మనుషులతో, వారికి అవసరమైన విషయాలను గురించి.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత బ్రౌన్ లండన్ చేరి, 1865 నుంచి అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. పెన్షను తీసుకునే వయస్సులో కూడా తెలుగు పాఠం చెప్పాడన్నమాట. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

కడప ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. కీ.శే. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ళ తరబడి చందాలు పోగుచేసి, అధికారుల చుట్టూ తిరిగి, ముళ్ళచెట్లు మొలిచిన ఆ మొండిగోడల చోట గ్రంథాలయాన్ని నిలబెట్టారు. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోకి వచ్చింది. కడప వచ్చే సభ్యులు ఒక పూట అక్కడ గడపాలని, వెంట మనవళ్ళను, మనవరాళ్ళను తీసుకుపోవాలని కోరుతున్నాను.

దూరదేశాల్లో పెరిగే మన పిల్లల పిల్లలకు తెలుగు రాదని మనం బాధపడుతుంటాం. ఇరవై ఏళ్ళవానికి రాగా లేనిది పదేళ్ళవానికి ఎందుకు రాదు? బ్రౌన్‌కు జీతం ఇచ్చి పెట్టుకున్న గురువులు కావలసి వచ్చారు. వీళ్ళకు జీతం అడగని తాతలం మనం ఉన్నాం. వారానికి ఒక జాబు, తేలిక తెలుగులో, నాలుగు వాక్యాలు చాలు. ఊళ్ళో వాన సంగతి, శనగ పైరు సంగతి, ఇంట్లో అవ్వ మోకాళ్ళ నొప్పి సంగతి రాయండి. జవాబు రాయమని కోరండి. తప్పులుంటే నవ్వకండి. జాబులతోనే భాష వస్తుందని కడపలో రుజువయింది.

సెలవు.